ముందు ఆమె పలకరిస్తేనే

మా పనిలో చేరిన మొదటి రోజే ఒక రూలు నేర్పుతారు. సెంటర్ గేటు దాటాక, మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు ఎక్కడ కనిపించినా మేం పలకరించకూడదు. బజార్లో గానీ, బస్సులో గానీ, గుళ్ళో గానీ, చూపు కలిసినా తిప్పుకుని వెళ్ళిపోవాలి. వాళ్ళ పక్కన భర్త ఉండొచ్చు, పిల్లలుండొచ్చు. 'ఈవిడ నీకెలా తెలుసు?' అని ఇంట్లోవాళ్ళు ఒక్క మాట అడిగితే చాలు, ఆ సంసారం వీధిన పడటానికి. ముందు ఆమె పలకరిస్తేనే మేం పలకాలి.

మంచి రూలు. ఏడేళ్ళు దాన్ని తుచ తప్పకుండా పాటించాను. తర్వాత ఒకసారి దాని వెనక దాక్కున్నాను. వరహాలమ్మ గురించి రాయాలని కూర్చుంటే ముందుగా ఆ సంగతే చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే అది చెప్పకుండా ఆమె గురించి ఎంత గొప్పగా రాసినా అది నా మొహానికి నేను పౌడరు రాసుకోవడమే అవుతుంది.

నా పేరు జ్యోతిర్మయి. కంచరపాలెంలో రైలు పట్టాలకు దగ్గరగా, ఒక డాబా మీద రెండు గదుల్లో మా సెంటర్ ఉంది. సెక్స్ వర్కర్ల ఆరోగ్యం కోసం పనిచేసే సంస్థ మాది. నేను అక్కడ కౌన్సిలర్ని. గోడ మీద బోర్డు 'మహిళా ఆరోగ్య కేంద్రం' అంటుంది, అంతకుమించి ఏమీ అనదు. మా కాపురం ఉక్కునగరంలో, స్టీల్ ప్లాంట్ క్వార్టర్లో. మావారు అశోక్ ప్లాంట్లోనే ఉద్యోగి. మా మామగారు ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి ఈ ప్లాంట్లో ఉద్యోగానికి వచ్చారు. ఆయన పోయాక మా అత్తగారు ఆదిలక్ష్మమ్మ మాతోనే ఉంటున్నారు.

మా అత్తగారికి నోరు పెద్దది, కాళ్ళు ఒకచోట నిలవవు. క్వార్టర్ల లైనులో ఎవరికి పురుడొచ్చినా, ఎవరు ఆస్పత్రిలో పడినా ఫ్లాస్కు పట్టుకుని తోడు కూర్చునేది ఆవిడే. నేను ఏ ఉద్యోగం చేస్తున్నానని ఆవిడ అడిగినప్పుడు, గర్భిణీ స్త్రీల ప్రాజెక్టు అని చెప్పాను. మావారికి నిజం తెలుసు. "అమ్మకు చెప్పకు, బాగోదు" అన్నారు. నాకూ అదే సుఖంగా అనిపించింది. ఆవిడ ఏమంటుందో అని ఏడేళ్ళు భయపడ్డాను గానీ, ఒక్క రోజు అడిగి చూసిన పాపాన పోలేదు.

ఇక వరహాలమ్మ. చీపురుపల్లి అవతల ఒక పల్లె ఆమెది, వేరుసెనగ పండించే కుటుంబం. పదిహేడో ఏట పెళ్ళి చేసుకుని మల్కాపురం వచ్చింది. మొగుడు పోర్టులో కలాసీ. కూతురు ధనశ్రీకి రెండేళ్ళు రాకముందే అతను పనికని పారాదీప్ వెళ్ళి, అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. అప్పుడు ఆమె యార్డులో వ్యాగన్ల కింద రాలిన ధాన్యం ఊడ్చే పనిలో, ఒక మేస్త్రీ కింద చేరింది. "ఆ మేస్త్రీ నాకు పని ఎందుకిచ్చినాడో మూడో వారంలో సెప్పినాడు మేడమ్" అని ఆమె నాతో అంది. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించదు, కళ్ళు దించదు. వినేవాళ్ళమే దించుకోవాలి. యార్డు నుంచి లారీల పార్కింగ్‌కి, పార్కింగ్ నుంచి ఫోను బేరాలకి, అలా ఇరవయ్యేళ్ళు గడిచాయి.

మా సంస్థలో ఆమె 'పీర్'. అంటే అదే పనిలో ఉంటూ, తోటి ఆడవాళ్ళను పరీక్షలకు తీసుకొచ్చే మనిషి. ఆమె చేతిలో ఎప్పుడూ మూడు గిన్నెల స్టీలు క్యారేజీ ఉంటుంది. ఇంట్లో ధనశ్రీకి, ఇరుగుపొరుగుకి ఆమె క్యాటరింగ్ పనిమనిషి. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, ముహూర్తాల రోజుల్లో నిజంగానే పెళ్ళి వంటలకు వడ్డనకి వెళ్తుంది. క్యారేజీ పై గిన్నెలో అన్నం, నడి గిన్నెలో కూర, అడుగు గిన్నెలో కండోములు. పైది తెరిచి చూసినవాళ్ళకు మెతుకులే కనిపిస్తాయి.

మా మీటింగుల్లో నేను చార్టు పెట్టి అరగంట చెప్పేది ఆమె అయిదు నిమిషాల్లో చెప్పేస్తుంది. కొత్తమ్మాయి ఎవరైనా ప్యాకెట్ పళ్ళతో చింపబోతే, "ఓలమ్మా, అది సాక్లెట్టనుకున్నావేటి, పళ్ళతో సింపేత్తన్నావు! లోపల సిరిగిపోతే నీ పళ్ళే కాపలా కాత్తాయా?" అంటుంది. గదంతా నవ్వుతుంది. నవ్వినవాళ్ళు మర్చిపోరు. నా చార్టు మాత్రం గోడకి వేలాడుతూ ఉంటుంది.

ఆమె నాకంటే అయిదేళ్ళు పెద్ద. ఆమె నన్ను మీరు అంటుంది, నేను ఆమెను నువ్వు అంటాను. మా ఆఫీసు శిక్షణలో గౌరవం గురించి రెండు రోజులు చెప్పారు. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

నిరుడు మొదట్లో మా సెంటర్లో హెచ్‌పీవీ పరీక్ష పెట్టారు. గర్భసంచి ముఖద్వారం దగ్గర చేరే వైరస్ అది. శారీరక సంబంధం ఉన్న ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి, వాళ్ళకు తెలియకుండానే పోతుంది. కొందరిలో పోకుండా తిష్ఠ వేస్తుంది. ఏళ్ళ తరబడి ఉంటే క్యాన్సర్ దాకా తీసుకుపోతుంది. కండోమ్ కొంత అడ్డుపడుతుంది, పూర్తిగా ఆపలేదు. ఎక్కువమందితో పని కాబట్టి మా ఆడవాళ్ళకు ప్రమాదం ఎక్కువ. ముందే కనిపెడితే చిన్న చికిత్సతో, ఒక్క పూటలో ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇదంతా నేను చెప్పాను. వరహాలమ్మ లేచి, "మంచం కింద పిల్లి దూరిందనుకోండి. సానాసార్లు దానికదే పోద్ది. పోకపోతే అక్కడే పిల్లల్ని పెడద్ది. అందుకే వంగి సూసుకోవాల" అంది.

గౌరీశ్వరి అని ఒక పాతికేళ్ళ పిల్ల ఉంది, నోట్లో మాట దాచుకోదు. "మరి నువ్వు సూపించుకున్నావేటి అక్కా ఎప్పుడైనా?" అంది.

వరహాలమ్మ క్యారేజీ మూత సర్దుకుంది. పీర్‌గా తొమ్మిదేళ్ళలో కొన్ని వందలమందిని డాక్టరమ్మ బల్ల దాకా చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి, తాను ఒక్కసారి కూడా ఆ బల్ల ఎక్కలేదు. ఆ సంగతి నాకు తెలుసు. రక్తపరీక్షలకి చెయ్యి చాపుతుంది కాబట్టి నేను అంతకుమించి పట్టించుకోలేదు. ఆ రోజు ఇరవైమంది ముందు ఆమె మొహం వాడిపోయింది. లేచి, శాంపిల్ పుల్ల తీసుకుని పరదా వెనక్కి వెళ్ళింది. ఈ పరీక్షలో ఎవరి శాంపిల్ వాళ్ళే తీసుకోవచ్చు. సీసా మీద పేరు రాయం, నంబరు రాస్తాం. ఆమెది ముప్పై ఒకటి.

మూడు వారాలకు ఫలితాలొచ్చాయి. మా దగ్గర ఫలితం ఫోన్లో చెప్పడం లేదు. ఫోన్లు పిల్లల చేతుల్లో ఉంటాయి, మొగుళ్ళ చేతుల్లో ఉంటాయి. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, తలుపేసి చెప్పాలి. ముప్పై ఒకటో నంబరుకి వైరస్ ఉందని వచ్చింది, అదీ ప్రమాదకరమైన రకం.

చెప్పాను. ఇది క్యాన్సర్ కాదు, లోపల మచ్చలేమైనా ఉన్నాయేమో పెద్దాస్పత్రిలో చూడాలి, ఉంటే అక్కడే తీసేస్తారు అని చెప్పాను. ఆమె క్యారేజీ హ్యాండిల్‌ని వేలితో తిప్పుతూ వింది.

"ఇది రాకుండా ఆడపిల్లలకి సూదుందంటారు కదా మేడమ్. మా గుంటకి ఏయించొచ్చేటి?" అని అడిగింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. గుంట అంటే కూతురు. ధనశ్రీ దువ్వాడ దగ్గర కాలేజీలో డిగ్రీ చదువుతోంది.

వేయించొచ్చు అన్నాను. "ముందు నీ సంగతి చూద్దాం" అన్నాను.

అప్పుడు చెప్పింది, బల్ల ఎందుకు ఎక్కదో. పన్నెండేళ్ళ కిందట నొప్పితో ఒక ఆస్పత్రికి వెళ్ళిందట. ఏ పని చేస్తావని అడిగితే, డాక్టర్ దగ్గర అబద్ధం చెప్పకూడదనుకుని నిజం చెప్పింది. లోపల ఉన్న ఆయా, చీటీని రెండు వేళ్ళతో పట్టుకుని, గుమ్మం దగ్గరికి వెళ్ళి ఇంకో ఇద్దర్ని పిలిచింది. బల్ల మీద కాళ్ళు చాపుకుని ఉన్న మనిషిని చూడటానికి ముగ్గురు వచ్చి నిలబడ్డారు. "డాక్టరమ్మ ఏటీ అన్నేదు మేడమ్. ఆల్లని ఎల్లమనీ అన్నేదు" అంది.

తర్వాత, "మీరు వొత్తారా? మీరు పక్కనుంటే నన్నెవరూ ఏటీ అనరు" అంది.

"తప్పకుండా వస్తాను. బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి గేటు దగ్గర ఉంటాను" అన్నాను. చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పాను. ఆమె వెళ్ళేటప్పుడు మెట్ల మీద గౌరీశ్వరితో ఏదో అని నవ్వడం వినిపించింది.

ఆ బుధవారానికి ముందు ఆదివారం గాజువాకలో ఒక పెళ్ళి. మా అత్తగారి తరఫు చుట్టాలది. ఫంక్షన్ హాల్లో పంక్తి భోజనాలు. నాకు ఒక పక్క మా అత్తగారు, ఇంకో పక్క మా తోటికోడలు, ఎదురుగా మా క్వార్టర్ల లైనువాళ్ళు నలుగురు. ఒంటి మీద కంచిపట్టు చీర, మెడలో ఉన్నదంతా. పెరుగన్నం దగ్గరకొచ్చేసరికి మజ్జిగ బకెట్ పట్టుకుని వరహాలమ్మ వస్తోంది. క్యాటరింగ్ వాళ్ళిచ్చిన మెరూన్ రంగు చీర, తలకి టోపీ. నేను రూలు ప్రకారం ఆకులోకి చూస్తూ కూర్చున్నాను.

ఆమె నా దగ్గర ఆగింది. గ్లాసులో మజ్జిగ పోస్తూ, నాకు మాత్రమే వినిపించాలని గొంతు తగ్గించి, "మేడమ్, బుధవారం ఏ గేటు కాడికి రావాల? ఆస్పత్రికి రెండు గేట్లున్నాయంట" అంది.

ముందు ఆమె పలకరించింది. రూలు అక్కడితో అయిపోయింది. నేను చెయ్యాల్సింది 'మెయిన్ గేటు' అనడం. రెండే మాటలు. మా అత్తగారు అడిగితే, 'మా ప్రాజెక్టులో పనిచేస్తుంది' అంటే సరిపోయేది. అది నిజం కూడా.

మా అత్తగారి చెవులు చురుకు. "ఎవరే అమ్మాయ్? బుధవారం ఏ ఆస్పత్రి?" అన్నారు. ఎదుటి నలుగురూ తలెత్తారు. వీళ్ళందరికీ ఈ క్షణంలో అంతా తెలిసిపోతుందనీ, వరహాలమ్మ మొహం మీద ఆమె పని రాసి ఉందనీ, అది చదివి నా వైపు చూస్తారనీ అనిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకుండానే నేను తడుముకున్నాను.

"నాకు తెలీదండి. నన్ను చూసి ఇంకెవరో అనుకున్నట్టుంది" అన్నాను.

ఆమె వినేంత దూరంలోనే అన్నాను. చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆమె మా అత్తగారి వైపు తిరిగి, "పొరపాటండమ్మా. మా వార్డు నర్సమ్మగారనుకున్నాను. అచ్చం ఈరిలాగే ఉంతారు" అని నవ్వి, ఆవిడ గ్లాసులో మజ్జిగ పోసి, పక్క ఆకు దగ్గరికి వెళ్ళిపోయింది. నా అబద్ధానికి అతుకు కూడా ఆమే వేసింది. నేను ఆ మజ్జిగ తాగాను.

బుధవారం తొమ్మిదికి మెయిన్ గేటు దగ్గర నిలబడ్డాను. పదిన్నరకు రెండో గేటుకి పరుగెత్తాను. మళ్ళీ మెయిన్ గేటుకి వచ్చాను. పన్నెండు దాకా చూశాను. ఫోను స్విచ్ఛాఫ్. రాదని నాకు ఎనిమిదింటికే తెలుసు, అయినా నిలబడ్డాను, ఎందుకంటే నిలబడ్డానని నాకు నేను చెప్పుకోవాలి.

శుక్రవారం మీటింగుకి ఆమె మామూలుగానే వచ్చింది. క్యారేజీ తెరిచింది, జోకులేసింది, ఇద్దరు కొత్తవాళ్ళను తీసుకొచ్చింది. అందరూ వెళ్ళాక, "ఏమైంది వరహాలమ్మా, బుధవారం రాలేదు?" అన్నాను. ఎంత మామూలుగా అడిగానో తలుచుకుంటే ఇప్పటికీ తల తీసేసినట్టు ఉంటుంది.

"పని తగిలింది మేడమ్. సూద్దారి లెండి. సానామందికి దానికదే పోద్దని మీరే సెప్పినారు కదేటి" అంది. నా మాట నాకే అప్పగించింది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని, ఇద్దరం అరుచుకుని, మర్నాడు కలిసి ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళం.

పెళ్ళి మాట ఎత్తి క్షమించమని అడగాలి. నాలుక దాకా వచ్చింది. అడిగితే, ఆ రోజు నాకు ఆమెను చూసి సిగ్గేసిందని నా నోటితో నేను ఒప్పుకోవాలి. ఏడేళ్ళుగా గదిలో కూర్చుని 'మీరు సిగ్గుపడాల్సిన పని లేదు' అని రోజుకి పదిమందికి చెప్పే మనిషిని. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. నెలాఖరుకి రిజిస్టరు నింపాలి. ముప్పై ఒకటో నంబరు ఎదురుగా, తదుపరి పరీక్ష అనే గడిలో ఏదో ఒకటి రాయాలి. 'నిరాకరించారు' అని రాశాను. మా భాషలో ఆ మాటకు అర్థం, మేం చెయ్యాల్సిందంతా చేశాం, ఆమే ఒప్పుకోలేదు అని. రాసి సంతకం పెట్టాను. పైవాళ్ళు ఎవరూ అడగలేదు. ఆ గడిలో ఆ మాట ఉంటే ఎవరూ అడగరు.

రెండు నెలలకు ధనశ్రీకి టీకా వేయించిందని గౌరీశ్వరి చెప్పింది. కాలేజీలో అందరూ వేయించుకోవాలని రూలు పెట్టారని కూతురికి ఏదో చెప్పి తీసుకెళ్ళిందట. అంటే ఆమెకు నిర్లక్ష్యం లేదు, అజ్ఞానం లేదు. సూది ఉన్న చోటికి కూతుర్ని నడిపించుకుని వెళ్ళిన మనిషి, బల్ల ఉన్న చోటికి తాను మాత్రం వెళ్ళలేదు. తోడు వస్తానన్న మనిషి ఎలాంటిదో చూసింది కదా.

అలా పద్నాలుగు నెలలు. ఈ పద్నాలుగు నెలల్లో నేను ఆమెను వారానికోసారి చూశాను. ఆమె చిక్కిపోవడం చూశాను. కుర్చీలో కూర్చునేటప్పుడు నడుం పట్టుకోవడం చూశాను. మొన్న ఫిబ్రవరిలో గౌరీశ్వరి మెట్ల మీద నన్ను ఆపి, "అక్కకి రగతం పోతంది మేడమ్. మీకు సెప్పొద్దంది" అంది. ఆ సాయంత్రం ఫోన్ చేశాను. "సూపించుకుంతన్నాను మేడమ్. మీరేటీ బెంగెట్టుకోకండి" అంది వరహాలమ్మ. ఎక్కడ చూపించుకుంటున్నావు, ఎవరు చూస్తున్నారు, నేను రానా అని అడగాలి. 'మంచిది, జాగ్రత్త' అన్నాను. ఆమె నన్ను వదిలిపెట్టింది, నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అదీ నా కౌన్సిలింగ్.

ఏప్రిల్లో మా అత్తగారి తమ్ముడికి గొంతులో పుండని తేలి, క్యాన్సర్ ఆస్పత్రిలో చేర్చారు. ఒక మంగళవారం పొద్దున్న నేనూ మా అత్తగారూ ఆయన్ని చూడ్డానికి వెళ్ళాం. ఆవిడ చేతిలో ఫ్లాస్కు, నా చేతిలో పళ్ళు. ఆయన్ని పరీక్షకి తీసుకెళ్ళారని, అరగంట ఆగమని అంటే, కింద ఓపీ వరండాలో కూర్చుందామని వచ్చాం. బెంచీలన్నీ నిండి ఉన్నాయి. చివరి బెంచీ మీద, గోడకి ఆనుకుని, ఒళ్ళో స్టీలు క్యారేజీ పెట్టుకుని వరహాలమ్మ కూర్చుని ఉంది.

ఒక్కతే ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవర్లో రిపోర్టు. లోపలి ముక్క తీసి పరీక్షకు పంపితే వచ్చిన రిపోర్టు అది. నన్ను చూసింది. నా పక్కన మా అత్తగారిని చూసింది. గుర్తుపట్టింది. వెంటనే మొహం గోడ వైపు తిప్పేసుకుంది.

మా రూలే. పక్కన ఇంట్లోవాళ్ళున్నప్పుడు పలకరించకూడదు. నా కోసం ఆమె పాటిస్తోంది.

ఈసారి నేనే ముందు పలకరించాను. దగ్గరికి వెళ్ళి, "వరహాలమ్మా" అన్నాను.

ఆమె తల తిప్పి నన్ను కింద నుంచి పై దాకా, కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "ఎవరమ్మా మీరు? నాను మిమ్మల్ని ఎరగను" అంది.

"వరహాలమ్మా, నేను..."

"నన్ను సూసి ఇంకెవరో అనుకుంతన్నారు. నాకు తెలిసినోల్లెవురూ ఈడ నేరు, ఎల్లండి తల్లీ" అంది. మాటలో ఒక్క రవ్వ ఎత్తిపొడుపు లేదు. నిజంగా నన్ను కాపాడుతున్నాననే అనుకుంటోంది. మా అత్తగారి వైపు చూసి, పెళ్ళిలో నవ్వినట్టే కొంచెం నవ్వింది కూడా.

ఇంతలో గదిలోంచి నర్సు తల బయటపెట్టి, "వరహాలమ్మ! తోడెవరొచ్చారు?" అని అరిచింది.

నేను నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, చెప్దామనే తెరిచాను. కానీ తెరిచేముందు నా కళ్ళు మా అత్తగారి మొహం వైపు వెళ్ళాయి. ఒక్క క్షణం. పెళ్ళినాడు మజ్జిగ బకెట్ పట్టుకుని నన్ను చూసిన వరహాలమ్మ, ఇది కూడా చూసింది.

"ఎవరూ రానేదమ్మా" అని క్యారేజీ పట్టుకుని లేచి, నడుం మీద చెయ్యేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు పడింది.

నేను ఆమె లేచిన చోట కూర్చుండిపోయాను. బెంచీ ఇంకా వెచ్చగా ఉంది. మా అత్తగారు ఫ్లాస్కు కింద పెట్టి నా పక్కన కూర్చున్నారు. "ఈవిడ ఆ గాజువాక పెళ్ళిలో మజ్జిగ పోసినావిడ కదూ?" అన్నారు.

అప్పుడు చెప్పాను. ఉద్యోగం ఏమిటో, ఎవరి కోసమో, ఆమె ఎవరో, ఏ పని చేస్తుందో, పన్నెండేళ్ళ కిందట బల్ల మీద ఆమెకు ఏం జరిగిందో, బుధవారం సంగతేమిటో, రిజిస్టర్లో నేనేం రాశానో అన్నీ చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. ఆ ఏడుపు ఆమె కోసమా నా కోసమా అంటే, నిజం చెప్పాలి, సగం పైగా నా కోసమే. ఆవిడ లేచి వెళ్ళిపోతారని, బస్సెక్కేదాకా మాట్లాడరని, రాత్రి మావారి ముందు పంచాయితీ అవుతుందని అనుకున్నాను.

మా అత్తగారు ఆమె పని గురించి ఒక్క మాట అడగలేదు. నా ఉద్యోగం గురించీ అడగలేదు. తలుపు వైపు చూసి, "అంటే ఆ రోజు అంతమందిలో నిన్ను పిలిచి గేటేదని అడిగితే, తెలిసే తెలీదన్నావా?" అన్నారు.

అవునన్నాను.

"మరి నా వైపు ఎందుకు చూశావే ఇందాక?" అన్నారు. "నేనేమన్నాననీ?"

ఆవిడ ఏమీ అనలేదు. పెళ్ళిలో కూడా, ఎవరే అని అడిగారు, అంతే. ఆవిడ పేరు చెప్పి ఇన్నేళ్ళు నేను దాచుకున్న సిగ్గంతా నాదే. వరహాలమ్మను చూసి సిగ్గుపడ్డది నేను. మా అత్తగారిని అడ్డం పెట్టుకున్నాను.

ఆమెది క్యాన్సర్ రెండో దశ అని ఆ పూటే తెలిసింది. ఇప్పుడు ఆమెకు కరెంటు, అంటే రేడియేషన్, పెడుతున్నారు, వారానికి అయిదు రోజులు. పద్నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే ఒక్క పూటలో పోయేదా అని డాక్టరమ్మను అడిగాను. "అప్పుడు చూడలేదు కదా, ఎలా చెప్పగలం?" అంది. అది నన్ను ఓదార్చడానికే అని ఉండొచ్చు. రిజిస్టర్లో ఆ గడి కొట్టేసి, 'తోడు వస్తానన్న కౌన్సిలర్ మాట తప్పింది' అని రాసి సంతకం పెట్టాను. పైనుంచి సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. అది పెద్ద సంగతి కాదు. వరహాలమ్మ నన్ను ఇప్పటికీ మేడమ్ అనే పిలుస్తుంది. నేను మీరు అనడం మొదలుపెడితే, "ఇదేటి కొత్తగా" అని నవ్వింది. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు.

ఆ వరండాలో జరిగింది ఇంకొక్కటి మిగిలింది. అరగంట తర్వాత తలుపు మళ్ళీ తెరుచుకుంది. నర్సు చేతిలో కాగితాలు, వరహాలమ్మ క్యారేజీ. బెంచీల మీదున్న అందరి వైపూ చూస్తూ, "వరహాలమ్మ తాలూకు ఎవరండీ? ఒక్కరూ లేరా?" అంది.

నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. పవిట సర్దుకుని లేద్దామనుకునేలోపే, మా అత్తగారు ఫ్లాస్కు పట్టుకుని లేచి నిలబడ్డారు.